కాగితం ఒకటి చెప్పి, ఇనుము ఇంకొకటి చెబితే: ఓడలు రేవు తనిఖీల్లో దొరికిపోయేది ఎక్కడ?

ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని హే పాయింట్, గ్లాడ్‌స్టన్ రేవుల నుంచి కోకింగ్ బొగ్గు (ఉక్కు తయారీకి వాడేది) మోసుకొచ్చే బల్క్ క్యారియర్లు, అంటే సరుకును మూటలు కట్టకుండా గుట్టగా పోసుకెళ్లే ఓడలు, విశాఖకీ గంగవరానికీ కొత్తేం కాదు. ప్రయాణం రెండు వారాల పైచిలుకు. ఇక్కడ బొగ్గు దింపేసి, ఖాళీ ఓడ నిలకడగా ఉండేందుకు ట్యాంకుల్లో బ్యాలస్ట్ నీళ్లు నింపుకుని చాలావరకు మళ్లీ అటే పోతాయి. ఈ ఒక్క రాకపోకలోనే ఓడకు రెండు పరీక్షలు ఎదురుకావచ్చు. అక్కడ ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ ఆమ్సా ఇన్‌స్పెక్టర్లు ఎక్కుతారు. ఇక్కడ షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ కింద పనిచేసే మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ సర్వేయర్లు ఎక్కుతారు. ఓడ మీద పనామా జెండా ఉన్నా, లైబీరియా జెండా ఉన్నా సరే, అది వచ్చి ఆగిన రేవు ఏ దేశానిదో ఆ దేశానికి ఓడ ఎక్కి చూసే హక్కు, అవసరమైతే కదలనివ్వకుండా ఆపేసే హక్కు ఉంటాయి. దీని పేరు పోర్ట్ స్టేట్ కంట్రోల్. ఓడల వాళ్లకు పీఎస్‌సీ.

ఈ ఏర్పాటు వెనక ఒక ప్రమాదం ఉంది. 1978 మార్చిలో అమోకో కాదిజ్ అనే ట్యాంకర్ స్టీరింగ్ గేరు చెడిపోయి, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో రాళ్లకెక్కి విరిగిపోయింది. 2 లక్షల టన్నులకు పైగా ముడిచమురు సముద్రం పాలైంది. జెండా ఇచ్చిన దేశం (ఓడ రిజిస్టరైన దేశం) చూసుకుంటుందిలే అని ఊరుకుంటే కుదరదని ఐరోపా దేశాలకు అప్పుడు బాగా తెలిసొచ్చింది. రేవు తనిఖీలు కలిసి చేసుకునేందుకు 1982లో ఐరోపాలో పారిస్ ఒప్పందం, 1993లో ఆసియా పసిఫిక్‌లో టోక్యో ఒప్పందం, 1998లో హిందూ మహాసముద్ర ఒప్పందం వచ్చాయి. చివరిదాని సచివాలయం గోవాలో ఉంది. భారత్ అందులో సభ్యదేశం. ఆస్ట్రేలియా అందులోనూ, టోక్యోలోనూ ఉంది. అంటే ఒక రేవులో రాసిన లోపం తర్వాతి రేవు అధికారికి ఓడ రాకముందే కంప్యూటర్లో కనిపిస్తుంది. పాత రిపోర్టు చదువుకోకుండా ఎవరూ ఓడ ఎక్కరు.

ఏ ఓడ ఎక్కాలన్నది కూడా లెక్క ప్రకారమే జరుగుతుంది. పారిస్ ప్రాంతంలో 2011 నుంచి అమలైన విధానంలో బల్క్ క్యారియర్ అయినందుకే 2 పాయింట్లు పడతాయి. వయసు 12 ఏళ్లు దాటితే ఇంకో పాయింటు. నడిపే కంపెనీకి చెడ్డ రికార్డు ఉంటే మరో 2. మొత్తం 5 అయితే హై రిస్క్. ఆ ఓడను 5, 6 నెలలకోసారి చూస్తారు. మంచి రికార్డున్న లో రిస్క్ ఓడ జోలికి 24 నుంచి 36 నెలల దాకా వెళ్లరు. టోక్యో ప్రాంతంలో గడువులు ఇంకా తక్కువ: హై రిస్క్‌కు 2 నుంచి 4 నెలలు, లో రిస్క్‌కు 9 నుంచి 18 నెలలు. పారిస్ ప్రాంతంలో పదేపదే డిటెన్షన్ (రేవు విడవకుండా నిలిపివేత) పడిన ఓడకు మొదట 3 నెలలు, ఆ తర్వాత 12, ఆపైన 24 నెలలు రేవులు మూసేస్తారు. అప్పటికీ మారకపోతే శాశ్వతంగా. చార్టరర్లు ఈ రికార్డు చూసే ఓడను అద్దెకు తీసుకుంటారు కాబట్టి, డిటెన్షన్ పడిన రోజుల నష్టంకన్నా ఆ తర్వాత మూడేళ్లు వెంటాడే పేరే కంపెనీకి ఎక్కువ బరువు.

గ్యాంగ్‌వే నుంచి కెప్టెన్ గది దాకా

తనిఖీ రెండు అంచెలు. మొదటిది మామూలు పరిశీలన: సర్టిఫికెట్లు చూసి, ఓడంతా ఒకసారి తిరిగి రావడం. అందులో అధికారికి ‘స్పష్టమైన కారణం’ దొరికితేనే రెండో అంచె మొదలవుతుంది. అప్పుడిక పంపులు నడిపించడం, బోట్లు దింపించడం, డ్రిల్లు పెట్టించడం. కాబట్టి ఓడ సిబ్బంది అసలు పని రెండో అంచెకు కారణం పుట్టకుండా చూసుకోవడం. కారణాలేమో గ్యాంగ్‌వే (ఓడ ఎక్కే మెట్లు) దగ్గరే పుడతాయి. వల సరిగా బిగించలేదు, పక్కన లైఫ్‌బాయ్ (నీళ్లలో పడినవాళ్లకు విసిరే తేలే చక్రం) లేదు, వాచ్‌మన్ గుర్తింపు కార్డు అడగకుండా నవ్వి పైకి పంపేశాడు. ఒక్కొక్కటీ చిన్నదే. కానీ కెప్టెన్ గదికి చేరేసరికి అధికారి మనసులో ఓడ గురించి సగం అభిప్రాయం ఏర్పడిపోయి ఉంటుంది.

సర్టిఫికెట్లలో దొరికిపోవడం అన్నిటికన్నా సిగ్గుచేటు, ఎందుకంటే అక్కడ తుప్పు పట్టేదేమీ లేదు. చాలా సర్టిఫికెట్లకు గడువు 5 ఏళ్లు. మధ్యలో ఏటా సర్వే జరిగి, వార్షిక తేదీకి 3 నెలలు అటూ ఇటూ లోపల ముద్ర పడాలి. ముద్ర లేకపోతే సర్టిఫికెట్ చెల్లనట్టే. మినిమమ్ సేఫ్ మ్యానింగ్ పత్రంలో (ఓడ నడపడానికి కనీసం ఎవరెవరు ఉండాలో చెప్పేది) రాసిన మనుషులకూ క్రూ లిస్టుకూ పొంతన ఉండాలి. ఆఫీసర్ల సర్టిఫికెట్లకు జెండా దేశం ఎండార్స్‌మెంట్ (గుర్తింపు) ఇంకా రాకపోతే, దరఖాస్తు చేసిన రుజువుతో 3 నెలల దాకా నడపొచ్చు. ఆ రుజువు కంపెనీ ఆఫీసు ఈమెయిల్లో ఉంటే చాలదు, ఓడ మీద ఉండాలి. మెడికల్ సర్టిఫికెట్ 2 ఏళ్లకు మించి చెల్లదు. బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీదైతే చార్టులకు, అంటే సముద్ర పటాలకు, వారం వారం వచ్చే సవరణలు ఎక్కాయా, ప్యాసేజ్ ప్లాన్ (ప్రయాణ దారి పథకం) బెర్తు నుంచి బెర్తు దాకా (ఓడ కట్టిన చోటి నుంచి మళ్లీ కట్టే చోటి దాకా) ఉందా, లేక పైలట్ ఎక్కే చోటే ఆగిపోయిందా అని చూస్తారు. అంతకుమించి అక్కడ ఎక్కువసేపు ఉండరు.

నీళ్లెక్కని పంపు

కింద డెక్కు మీదా ఇంజిన్ రూములోనూ కథ మారుతుంది. అక్కడ వస్తువు ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు, దాదాపు అన్నీ ఉంటాయి. నడుస్తుందా, ఎవరికి నడపడం వచ్చు అన్నదే ప్రశ్న.

ఎమర్జెన్సీ ఫైర్ పంపు సంగతే తీసుకుందాం. ఇంజిన్ రూము తగలబడి మెయిన్ పంపులు అందకపోతే ఓడకు దిక్కు ఇదే, అందుకే ఇంజిన్ రూముకు బయట పెడతారు. ఇంత సైజు ఓడలో అది గంటకు కనీసం 25 ఘనపు మీటర్ల నీళ్లు తోడాలి. 6,000 గ్రాస్ టన్నులు దాటిన సరుకు ఓడలో హైడ్రెంట్ల (హోసు తగిలించే కుళాయిల) దగ్గర సుమారు 2.7 బార్ ఒత్తిడి నిలబడాలి. అధికారి అడిగేది రెండు ముక్కల్లో ఉంటుంది: పంపు స్టార్ట్ చేయండి, ముందు ఫోక్సిల్ (ఓడ ముక్కు దగ్గరి డెక్కు) మీద ఒక హోసు, వెనక ఎత్తున ఒక హోసు, రెండూ ఒకేసారి తెరవండి.

తడబాటు ఇక్కడే. విశాఖలో బొగ్గుతో లోతుగా కూర్చున్న ఓడలో ఈ పంపు బంగారంలా పనిచేస్తుంది, ఎందుకంటే సముద్రం నీళ్లను తనంతట తనే పంపులోకి తోస్తుంది. అదే ఓడ ఖాళీగా ఆస్ట్రేలియా చేరేసరికి అడుగు పైకి తేలి ఉంటుంది. పంపు నీటి మట్టానికి పైన పడి, నీళ్లను కిందినుంచి పీల్చుకోవాల్సి వస్తుంది. సక్షన్ పైపు (నీళ్లు పీల్చే పైపు) గ్లాండులోనో, స్ట్రెయినర్ మూతలోనో గాలి చొరబడే చిన్న సందు ఉన్నా, ప్రైమింగ్ యూనిట్ (గాలి లాగేసి పంపులోకి నీళ్లెక్కించేది) బెల్టు జారుతున్నా, ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, గేజు ముల్లు మాత్రం సున్నా దగ్గరే కూర్చుంటుంది. నెలనెలా టెస్ట్ చేశామని రికార్డు ఉంటుంది. అది అబద్ధం కూడా కాదు. టెస్ట్ చేసిన ప్రతిసారీ ఓడ నిండుగా ఉంది, అంతే. అందుకే ఈ పంపును ఓడ తేలికగా ఉన్న రోజున నడిపి చూడాలి. రికార్డులో ‘బాగుంది’ అని రాసేస్తే చాలదు. వెనక డ్రాఫ్టు (ఓడ నీళ్లలో మునిగిన లోతు) ఎంత, సక్షన్ గేజు ఎంత, డిశ్చార్జి ఎంత, నీళ్లెక్కడానికి ఎన్ని సెకన్లు పట్టింది రాయాలి.

ఇంకో పొరపాటూ ఇదే పంపుతో జరుగుతుంది. ఇంజిన్ రూములోని ఫైర్ లైనును విడదీసే ఐసొలేటింగ్ వాల్వు బయట ఉంటుంది. దాన్ని మూయకుండా పంపు నడిపితే ఒత్తిడంతా ఇంజిన్ రూము పైపుల్లోకి పోతుంది. మూయాలని తెలిసినా, ఏళ్లుగా తిప్పక బిగుసుకుపోయిన వాల్వు చక్రం చేతిలో కదలదు. డీజిల్ పంపు అయితే సర్వీస్ ట్యాంకులో 3 గంటలకు, బయట నిల్వలో ఇంకో 15 గంటలకు సరిపడా ఇంధనం ఉండాలి. ట్యాంకు గేజు గాజు మురికిపట్టి మట్టం కనిపించకపోతే అది కూడా రిపోర్టుకెక్కుతుంది.

ఎమర్జెన్సీ జనరేటర్‌ది ఇలాంటిదే ఇంకో రకం. కరెంటు పోయిన 45 సెకన్ల లోపు దానంతట అదే స్టార్ట్ అయి లోడు తీసుకోవాలి, సరుకు ఓడలో 18 గంటలు నడిచే ఇంధనం ఉండాలి. ప్రతి శనివారం లోడు లేకుండా 10 నిమిషాలు నడిపి ఆపేసే ఓడల్లో అసలు బ్రేకరు (లోడుకు కరెంటు కలిపే స్విచ్చు) పడుతుందో లేదో ఎవరికీ తెలియదు. సెలెక్టర్ స్విచ్ ‘మాన్యువల్’లో మరిచిపోవడం మరీ మామూలు. బ్యాటరీతో స్టార్ట్ అయ్యాక అధికారి రెండో పద్ధతి చూపించమంటాడు, అది హైడ్రాలిక్ కావచ్చు, స్ప్రింగు కావచ్చు. అప్పుడు థర్డ్ ఇంజినీరు సెకండ్ ఇంజినీరు ముఖం, సెకండ్ ఇంజినీరు గోడమీది సూచనల కాగితం ముఖం చూస్తే పని అయిపోయినట్టే.

క్విక్ క్లోజింగ్ వాల్వుల దగ్గర దొరికేవి పొరపాట్లు కావు, తెలిసి చేసిన పనులు. మంటలొస్తే ఆయిల్ ట్యాంకుల నుంచి వచ్చే ఇంధనాన్ని బయటినుంచి ఒక్క లాగుతో ఆపేసే వాల్వులివి. ఎప్పుడో ఒకసారి ఊరికే పడిపోయి మెయిన్ ఇంజిన్ ఆగిపోతుంది. మళ్లీ అలా కాకూడదని ఎవరో ఒక చెక్క ముక్కో బోల్టో అడ్డం పెడతారు. పెట్టిన మనిషి కాంట్రాక్టు ముగిసి ఇంటికి వెళ్లిపోతాడు, చెక్క ముక్క అక్కడే ఉంటుంది. దాదాపు ఖాయంగా డిటెన్షన్ తెచ్చిపెట్టే లోపాల్లో ఇదొకటి. తాడుతో కట్టి తెరిచి ఉంచిన సెల్ఫ్ క్లోజింగ్ ఫైర్ డోర్లు, తుప్పుతో రంధ్రాలు పడిన వెంటిలేటర్లు, కీలు బిగుసుకుపోయి మూతపడని ఫైర్ డ్యాంపర్లు (గాలి దారిని మూసే పలకలు), ఫైర్ లైను పైపు లీకుకు రబ్బరు ముక్క చుట్టి క్లాంపు బిగించిన మరమ్మతు, అన్నీ ఈ కోవలోవే. రంధ్రం మీద పెయింటు కొట్టడం వల్ల లాభం లేదు. అధికారి చేతిలో చిన్న సుత్తి ఉంటుంది. ఓడ వచ్చిన రోజున డెక్కు మీద కొత్త పెయింటు వాసన వస్తే ఆ సుత్తి ఇంకాస్త గట్టిగానే పడుతుంది.

లోడ్ లైన్ (ఓడ ఎంతవరకు మునగొచ్చు, నీళ్లు లోపలికి రాకుండా ఏం ఉండాలి అన్న నియమాలు) విషయాల్లో హ్యాచ్ కవర్ల (సరుకు గదుల మూతల) రబ్బరు ప్యాకింగు గురించి ఒక్క మాట. రబ్బరుకు పెయింటు తగలకూడదు. తగిలితే గట్టిపడి పగుళ్లిస్తుంది, అప్పుడు క్లీట్లు (మూతను బిగించే కొక్కేలు) ఎంత బిగించినా నీళ్లు ఆగవు. బ్యాలస్ట్ ట్యాంకుల ఎయిర్ పైపు తలల్లో ఫ్లోటు ఉందో, తుప్పులో కలిసిపోయిందో మూత విప్పి చూస్తే తప్ప తెలియదు.

తాడు ఎక్కడ కట్టారు?

లైఫ్ రాఫ్ట్ (డబ్బాలో మడిచి ఉంచే గాలితెప్ప) పక్కన గుప్పిట్లో పట్టేంత చిన్న పరికరం ఒకటి ఉంటుంది, హైడ్రోస్టాటిక్ రిలీజ్ యూనిట్. ఓడ మునిగిపోతే, 4 మీటర్ల లోతు దాటకముందే నీటి ఒత్తిడికి తనే తెగి రాఫ్ట్‌ను వదిలేస్తుంది. వాడి పారేసే రకానికి ఆయువు 2 ఏళ్లు. బిగించిన రోజు నుంచి లెక్కపెట్టి నెల, సంవత్సరం దాని మీదే గుర్తు పెట్టాలి. గడువు దాటడం మామూలు లోపం. అసలు ప్రమాదం తాడు కట్టే చోట ఉంది.

వరుస ఇది. రాఫ్ట్ డబ్బాను పట్టి ఉంచే పట్టీ యూనిట్‌లోని తాడు ఉచ్చుకు తగిలించాలి. రాఫ్ట్ లోపలి నుంచి వచ్చే పెయింటర్ తాడును మాత్రం ఎరుపు రంగు వీక్ లింకుకు కట్టాలి. యూనిట్ తెగాక రాఫ్ట్ పైకి తేలుతుంది, మునుగుతున్న ఓడ పెయింటర్‌ను కిందికి లాగుతుంది, ఆ లాగుడుకు రాఫ్ట్ గాలి నింపుకుంటుంది. ఆ తర్వాత వీక్ లింకు తెగి రాఫ్ట్ ఓడ నుంచి విడిపోవాలి. వీక్ లింకు బలం 2.2 కిలోన్యూటన్లు, అటూ ఇటూ 0.4. అంటే సుమారు 220 కిలోల లాగుడుకు తెగిపోయేలా తయారుచేస్తారు. గట్టిగా ఉండాలన్న మంచి ఉద్దేశంతో పెయింటర్‌ను నేరుగా డెక్కు మీది ఇనుప రింగుకు షాకిల్ వేసి కట్టారనుకోండి, రాఫ్ట్ విచ్చుకుంటుంది, ఓడతోపాటే అడుగుకు పోతుంది. ఉప్పుగాలికి పాడవుతుందని యూనిట్ మీద పెయింటు పూయడం కూడా ఇలాంటి మంచి ఉద్దేశమే. పొడవైన ఓడల్లో ముందుభాగాన ఉంచే అదనపు రాఫ్ట్‌కు మాత్రం చేత్తో విప్పే ఏర్పాటు ఉంటే చాలు. అక్కడ యూనిట్ లేదని కంగారుపడి అడ్డదిడ్డంగా ఒకటి తగిలించి, లేని లోపాన్ని పుట్టించిన ఓడలూ ఉన్నాయి.

లైఫ్‌బోట్ల దగ్గర హుక్కులు పూర్తిగా రీసెట్ అయ్యాయా, ఇంజిన్ స్టార్ట్ అవుతుందా, వైరు ఫాల్స్ (బోటును దింపే ఇనుప తాళ్లు) మార్చి 5 ఏళ్లు దాటిందా అని చూస్తారు. ప్రతి బోటును 3 నెలలకోసారి నీళ్లలోకి దింపి నడిపినట్టు లాగ్‌బుక్కులో ఉండాలి. చాలా రేవుల్లో బోటు దింపడానికి అనుమతి ఇవ్వరు. అలాంటప్పుడు అడిగిన తేదీ, కాదన్న జవాబు దాచుకోవడం తప్ప దారి లేదు.

ఆయిల్ రికార్డ్ బుక్కులో లెక్కలు

ఇంజిన్ రూములో అధికారి కూర్చుని చదివే పుస్తకం ఒకటే, ఆయిల్ రికార్డ్ బుక్: ఓడలోని నూనె వ్యర్థాలు ఎక్కడికి పోయాయో రాసేది. చదవడంతో ఆగకుండా లెక్క వేస్తాడు. రోజుకు 30 టన్నుల హెవీ ఫ్యూయల్ కాల్చే ఓడలో ప్యూరిఫయర్ల (ఇంధనాన్ని శుభ్రపరిచే యంత్రాల) నుంచి వచ్చే స్లడ్జి (నూనె మడ్డి) సుమారు 1 శాతమనుకున్నా, రోజుకు 0.3 టన్ను. 17 రోజుల ప్రయాణానికి 5 టన్నులు. ఈ 5 టన్నులూ ఎక్కడో ఒకచోట కనిపించాలి. ట్యాంకులో పెరిగి ఉండాలి, ఇన్సినరేటర్లో కాలి ఉండాలి, నీరు ఆవిరై ఉండాలి, లేదా రేవులో దించిన రసీదు ఉండాలి. గంటకు 50 లీటర్లు కాల్చే ఇన్సినరేటర్ 20 గంటల్లో 3 ఘనపు మీటర్లు కాల్చిందని రాస్తే, అది 1,000 లీటర్లే కాల్చగలదని తేల్చడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. గంటకు 5 ఘనపు మీటర్ల ఆయిలీ వాటర్ సెపరేటర్‌తో (నీళ్లలోంచి నూనె వేరుచేసే యంత్రం) గంటలో 8 పంపించామని రాసిన పేజీలూ ఇలాగే పట్టుబడతాయి.

ఆ తర్వాత సెపరేటర్ దగ్గరకు. దాని నుంచి బయటికి పోయే నీళ్లలో నూనె 15 పీపీఎం (పది లక్షల భాగాల్లో 15) మించకూడదు. మించితే అలారం మోగి, త్రీ వే వాల్వు తిరిగి నీళ్లు మళ్లీ బిల్జ్ ట్యాంకులోకే (ఓడ అడుగున చేరిన మురికి నీళ్ల ట్యాంకు) పోవాలి. రేవులో ఓవర్‌బోర్డు వాల్వు (సముద్రంలోకి వదిలేది) మూసే ఉంచి, నీళ్లను లోపలే తిప్పుతూ ఇది చూపించొచ్చు. సెన్సరులోకి ఊరికే మంచినీళ్లు వదిలి సున్నా చూపించే చిట్కా పాతబడిపోయింది. కొత్త తరం మీటర్లు తేదీ, సమయం, స్థితి కనీసం 18 నెలలు గుర్తుంచుకుంటాయి. మీటరు జ్ఞాపకాన్నీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూడడం ఇప్పుడు మామూలైపోయింది. ఒక అమాయకమైన తేడా కూడా ఇక్కడే తలనొప్పి తెస్తుంది. మీటరు గ్రీనిచ్ సమయంలో, పుస్తకం ఓడ సమయంలో ఉంటే ప్రతి ఎంట్రీ కొన్ని గంటలు తేడాగా కనిపిస్తుంది. మీటరు పక్కన ఏ సమయమో రాసిన చీటీ ఒకటి అంటిస్తే ఈ గొడవ ఉండదు. ఓవర్‌బోర్డు లైను ఫ్లాంజి బోల్టుల మీద పెయింటు చెదిరి మెరుస్తూ ఉంటే మాత్రం, ఈ మధ్య ఎందుకు విప్పారన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉండాలి. సెపరేటర్‌ను తప్పించి దొంగ పైపు వేసిన ఓడలు అలాంటి బోల్టుల దగ్గరే దొరికాయి. అమెరికాలో ఈ కేసులు చాలావరకు నడిసముద్రంలో నూనె వదిలినందుకు పడవు, తప్పుడు ఆయిల్ రికార్డ్ బుక్కు అక్కడి రేవులోకి తెచ్చి చూపించినందుకు పడతాయి. సమాచారం ఇచ్చిన సిబ్బందికి జరిమానాలో సగం దాకా కోర్టు ఇవ్వొచ్చు.

బ్యాలస్ట్ నీళ్లదీ అదే దారి. 2024 సెప్టెంబరు 8 నాటికి, బ్యాలస్ట్ నీళ్ల అంతర్జాతీయ ఒప్పందం వర్తించే దాదాపు అన్ని ఓడలూ శుద్ధి చేసిన నీళ్ల ప్రమాణాన్ని అందుకోవాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పారిస్, టోక్యో ప్రాంతాలు జరిపిన ప్రత్యేక తనిఖీ కూడా దీనిమీదే. బురద నీళ్ల రేవులో సరుకు దింపుతూ బ్యాలస్ట్ ఎక్కిస్తుంటే ఫిల్టరు మాటిమాటికీ పూడుకుపోతుంది. క్రేన్లు ఆగవు, ఓడ పైకి లేస్తూనే ఉంటుంది, నీళ్లు ఎక్కక తప్పదు. ఆ ఒత్తిడిలో చీఫ్ ఆఫీసర్ బైపాస్ వాల్వు తెరుస్తాడు. సిస్టమ్ ఆ నిమిషాన్ని నమోదు చేసుకుంటుంది, రికార్డు బుక్కులో మాత్రం ‘శుద్ధి చేయబడింది’ అని పడుతుంది. బైపాస్ చేసినా బయటపడే దారి ఉంది: జెండా దేశానికీ, వెళ్లబోయే రేవుకూ ముందే చెప్పి, ప్లాన్లో ఉన్న ప్రత్యామ్నాయం పాటించడం. తప్పుగా రాసినదానికి దారి లేదు.

కాగితం మీద నిద్రపోయిన బోసన్

విశ్రాంతి గంటల నియమం సూటిగా ఉంటుంది. ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, 7 రోజుల్లో 77 గంటలు. రోజు విశ్రాంతిని రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలు ఉండాలి. రెండు విశ్రాంతుల మధ్య 14 గంటలు మించకూడదు. అధికారి రికార్డు షీట్లతోనే ఆగడు, లాగ్‌బుక్కు అడుగుతాడు. ఓడ తెల్లవారుజామున 2 గంటలకు బెర్తుకు కట్టిందని డెక్ లాగ్ చెబుతుంది. తాళ్లు వేసింది బోసన్ (డెక్కు సిబ్బంది మేస్త్రీ), ఏబీలు (అనుభవమున్న నావికులు). షీట్లో వాళ్లంతా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిద్రలో ఉంటారు. సాఫ్ట్‌వేర్లో పాత రోజును కాపీ చేసి అతికించడం దీనికి మూలం. మధ్యాహ్నం 4 గంటలకు జరిగిన ఫైర్ డ్రిల్లులో సెకండ్ మేట్ పాల్గొన్నట్టు ఒక పుస్తకంలో, నిద్రపోతున్నట్టు ఇంకో పుస్తకంలో ఉంటుంది. ట్యాంకులోకి దిగడానికి రాసిన పర్మిట్లు, చెత్త రికార్డు, గ్యాంగ్‌వే రిజిస్టరు, అన్నిటికీ సమయాలుంటాయి, అన్నీ సాక్షులే. నిజంగానే నియమం తప్పిన రోజును తప్పినట్టే రాసి, కారణం, తర్వాత ఇచ్చిన విశ్రాంతి పక్కన చూపిస్తే దానితో వచ్చే ఇబ్బంది చిన్నది. ఏ నెలలోనూ ఒక్క తప్పూ లేని షీట్లే అనుమానం పుట్టిస్తాయి. జీతాల విషయంలో 2024 ప్రత్యేక తనిఖీ ఒప్పంద పత్రాలనూ చెల్లింపులనూ కలిపి చూసింది. నెలకు మించి బాకీ పెట్టకూడదు, ఆస్ట్రేలియా ఈ కారణం మీద ఓడలను నెలల తరబడి నిషేధించింది.

డ్రిల్లు గురించి. నెలకోసారి ఫైర్, అబాండన్ షిప్ (ఓడ వదిలిపోయే) డ్రిల్లులు చేసేస్తారు. అధికారి ముందు చేసేటప్పుడు తడబడేది వస్తువు దగ్గర కాదు, వరుస దగ్గర. కార్బన్ డయాక్సైడ్ వదిలే ముందు మనుషుల లెక్క తీసుకోవాలి, ఫ్యాన్లు ఆపాలి, డ్యాంపర్లు మూయాలి, క్విక్ క్లోజింగ్ వాల్వులు లాగాలి. ఒక్క అడుగు తప్పినా గ్యాసు వృథా, లేదా లోపల మనిషి ప్రాణం. బ్రీదింగ్ సెట్టు వేసుకున్న మనిషికి సిలిండర్లో 200 లీటర్లు మిగిలినప్పుడు మోగే విజిల్ అంటే ఏమిటో తెలియకపోతే, సెట్టు ఎంత కొత్తదైనా ఉపయోగం లేదు. సిబ్బందిలో పావు వంతుకు మించి మారితే, రేవు వదిలిన 24 గంటల్లో డ్రిల్లు చేయాలన్న నియమం క్రూ ఛేంజి హడావిడిలో తరచూ జారిపోతుంది.

ముందే చెప్పిన లోపం

ఓడలో ఏదో ఒకటి చెడిపోయి ఉండడం తప్పనిసరి. దాన్ని ఎవరు ముందు చెప్పారన్నదాని మీద ఫలితం మారుతుంది. దారిలో ప్రమాదవశాత్తు దెబ్బతిన్న దాని గురించి జెండా దేశానికీ, క్లాస్ సొసైటీకీ (ఓడను సర్వే చేసి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ), రేవులోకి రాకముందే పోర్టు అధికారులకూ వివరాలు పంపి, మరమ్మతు మొదలుపెట్టి ఉంటే, ఆ కారణంతో ఓడను నిలపకూడదని అంతర్జాతీయ సముద్ర సంస్థ ఐఎమ్‌ఓ తనిఖీ విధానమే చెబుతోంది. అదే లోపాన్ని అధికారి తనంతట తను కనిపెడితే డిటెన్షన్, దాని వెంట ఇంకోటి కూడా: మీ సేఫ్టీ మేనేజ్‌మెంట్ పనిచేయడం లేదన్న ఐఎస్ఎం (అంతర్జాతీయ సేఫ్టీ మేనేజ్‌మెంట్ కోడ్) లోపం. ఎమర్జెన్సీ పంపు నడవలేదు, ఫైర్ డోరు కట్టేసి ఉంది, డ్యాంపరు మూతపడలేదు, మూడూ ఒకే చోటికి చూపిస్తున్నాయని అధికారికి అనిపిస్తే మూడు చిన్న లోపాలు కలిసి ఒక పెద్దది అవుతాయి. అప్పుడు ఓడ కదిలే ముందే ఆడిట్ కోరే అవకాశం ఉంది. కెప్టెన్లు చెప్పడానికి వెనకాడేది ఆఫీసు ఏమంటుందోనని. ఆ వెనకాడే నాలుగు గంటలే ఖరీదైనవి.

తనిఖీ ముగిశాక చేతికొచ్చే కాగితంలో ప్రతి లోపం పక్కన ఒక అంకె ఉంటుంది. 10 అంటే అక్కడికక్కడే సరిచేశారు. 15 తర్వాతి రేవులో, 16 పద్నాలుగు రోజుల్లో, 17 బయల్దేరే ముందు, 18 మూడు నెలల్లో. 30 అంటే నిలిపివేతకు కారణం. అధికారి ఇంకా ఓడ మీద ఉండగానే 17ను 10గా మార్చే పనులుంటాయి, అవి ముందు చేయాలి. డోరుకు కట్టిన తాడు విప్పడానికి పెద్ద సన్నాహం అక్కర్లేదు. రాసిన లోపం తప్పనిపిస్తే నియమం పేరు చెప్పి మర్యాదగా చూపించొచ్చు. కాగితం మీద సంతకం పడ్డాక అప్పీలు మార్గం ఉంది గానీ, అప్పీలు వేసినంత మాత్రాన నిలిపివేత ఆగదు. నిలిపివేత పడ్డ ఓడకు క్లాస్ సర్వేయరు వచ్చి చూడాలి, ఆ తర్వాత పోర్టు అధికారి మళ్లీ ఎక్కి చూడాలి, దానికి ఫీజు కంపెనీదే.

కంపెనీ పంపే జవాబుల్లో ఎక్కువగా కనిపించే వాక్యం ‘సిబ్బందికి జాగ్రత్తగా ఉండమని సూచించాం’. తర్వాతి రేవు అధికారి దీన్ని చదివి నేరుగా ఆ పంపు దగ్గరకే నడుస్తాడు. పనికొచ్చే జవాబు ఇలా ఉంటుంది: సక్షన్ పైపు గ్లాండు ప్యాకింగు, స్ట్రెయినర్ మూత గాస్కెట్ మార్చాం. వెనక డ్రాఫ్టు 7.2 మీటర్లు ఉండగా పంపు 40 సెకన్లలో నీళ్లెక్కింది, రెండు హోసులు తెరిచినప్పుడు ఫోక్సిల్ హైడ్రెంట్ దగ్గర 3.1 బార్. మెయింటెనెన్స్ జాబితాలో ‘నెలకోసారి’ అన్నచోట ‘నెలకోసారి, సరుకు దింపి ఖాళీగా బయల్దేరిన ప్రతిసారీ’ అని మార్చాం. స్పేర్ గాస్కెట్లు 2 ఓడ మీదున్నాయి, ఆర్డరు పెట్టిన తేదీ తనిఖీకి ముందుది.